క్యాంపర్ వ్యాన్‌లో పసిపిల్లలను ఎక్కడ పడుకోబెట్టాలి? ప్రయాణంలో సీటు, బసలో పడక ఎందుకు వేర్వేరుగా ఉండాలి?

సాయంత్రం ఘాట్ రోడ్డు దిగిన వ్యాన్ ఒక చెరువు గట్టు పక్కన ఆగుతుంది. వెనుక వరుసలో, బెల్టులు బిగించిన చైల్డ్ సీటులో ఐదు నెలల బిడ్డ గాఢ నిద్రలో ఉంటుంది. రోజంతా మారాం చేసిన బిడ్డ ఎట్టకేలకు కన్నుమూసిందని తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడే ఒక ప్రశ్న ఎదురవుతుంది. బిడ్డను అక్కడే ఉండనివ్వాలా, తీసి వేరే చోట పడుకోబెట్టాలా?

నిద్రపోతున్న బిడ్డను కదపకూడదన్నది మన ఇళ్లలో పెద్దలు తరచూ చెప్పే మాట. ఇంట్లో ఆ మాటకు విలువ ఉంది. చక్రాల మీద నడిచే ఇంట్లో మాత్రం అదే మాట కొన్నిసార్లు ప్రమాదానికి దారితీస్తుంది. చైల్డ్ సీటు ప్రయాణం కోసం రూపొందించినది. రాత్రంతా నిద్రించడానికి అది పనికిరాదు. అలాగే వ్యాన్‌లోని మంచం బస కోసం అమర్చినది. బండి కదులుతున్నప్పుడు దాని మీద బిడ్డను ఉంచకూడదు. పసిపిల్లలతో క్యాంపర్ వ్యాన్‌లో ప్రయాణించేవారు అన్నింటికంటే ముందు తెలుసుకోవలసింది ఈ తేడానే.

కేరవాన్ యాత్రలు పెరుగుతున్న వేళ

భారతదేశంలో ఇల్లు వెంటబెట్టుకొని తిరగడం కొత్త సంగతి కాదు. రాజస్థాన్‌కు చెందిన గాడియా లోహార్లు తరతరాలుగా ఎడ్లబండ్లనే నివాసాలుగా చేసుకొని ఊరూరా తిరిగి ఇనుప పనిముట్లు చేసేవారు. వారి పిల్లలు ఆ బండ్లలోనే పుట్టి పెరిగారు. అయితే విహారయాత్ర కోసం మంచాలు, వంటగది, మరుగుదొడ్డి ఉన్న మోటారు వాహనంలో కుటుంబంతో బయలుదేరడం మాత్రం ఇటీవలి కాలపు అలవాటే.

మహారాష్ట్ర, కేరళ ప్రభుత్వాలు 2021లో కేరవాన్ పర్యాటక విధానాలను ప్రకటించాయి. కేరళలోని ఇడుక్కి జిల్లా వాగమణ్‌లో 2022లో ఆ రాష్ట్రపు తొలి కేరవాన్ పార్కు ఏర్పాటైంది. హిమాచల్ ప్రదేశ్, లద్దాఖ్ వంటి ప్రాంతాలకు క్యాంపర్ వ్యాన్లను అద్దెకు తీసుకొని వెళ్లేవారూ ఉన్నారు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, బ్రిటన్, అమెరికా దేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సెలవుల్లో ఇటువంటి వాహనాన్ని అద్దెకు తీసుకోవడం అందుబాటులో ఉన్న విషయమే.

ఈ వాహనాల్లో స్థలం చాలా తక్కువ. చిన్న క్యాంపర్ వ్యాన్ లోపలి వెడల్పు రెండు మీటర్లు కూడా ఉండదు. పగలు కూర్చునే సీట్లే రాత్రి మంచాలుగా మారతాయి. భోజనాల బల్లను దించితే అదే పడక అవుతుంది. ఒకే వస్తువు రెండు పనులు చేయడమే క్యాంపర్ వ్యాన్ ప్రత్యేకత. పసిపిల్లల విషయంలో చిక్కులు మొదలయ్యేది కూడా అక్కడే.

బండి కదులుతుంటే మంచం వద్దు

వెనుక మంచం ఖాళీగా ఉంది కదా అని, ప్రయాణంలోనే పిల్లలను దాని మీద పడుకోబెట్టడం సాధారణంగా జరిగే పొరపాటు. స్లీపర్ బస్సుల్లో పడుకొనే ప్రయాణిస్తాం కదా అన్న వాదన కూడా వినిపిస్తుంది. కానీ బెల్టు లేని పడక మీద ఉన్న శిశువును, వాహనం హఠాత్తుగా ఆగినప్పుడు పట్టి ఉంచేది ఏదీ ఉండదు.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళుతున్న వాహనం దేనినైనా ఢీకొంటే, లోపల కట్టి ఉంచని మనిషి అదే వేగంతో ముందుకు దూసుకుపోతాడు. సుమారు 10 మీటర్ల ఎత్తు నుంచి, అంటే దాదాపు మూడో అంతస్తు నుంచి, కింద పడినప్పుడు నేలను తాకే వేగం అది. ఆ క్షణంలో ఒడిలోని బిడ్డను చేతులతో పట్టుకొని ఆపడం ఎంత బలవంతులకైనా సాధ్యం కాదు. చైల్డ్ సీట్ల వాడకంతో పిల్లల మరణాలను 60 శాతం వరకు తగ్గించవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది.

చట్టాలు కూడా ఇదే చెబుతున్నాయి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ద్వారా చేరిన 194బి సెక్షన్ ప్రకారం, పద్నాలుగేళ్లు నిండని పిల్లలను సీటు బెల్టుతో గానీ, చైల్డ్ సీటు వంటి రక్షణ ఏర్పాటుతో గానీ కూర్చోబెట్టకుండా వాహనం నడిపితే వెయ్యి రూపాయల జరిమానా విధించవచ్చు.

బ్రిటన్‌లో పన్నెండేళ్ల వయసు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు, ఏది ముందు వస్తే అంతవరకు చైల్డ్ సీటు వాడాలి. ఆస్ట్రేలియాలో ఆరు నెలల లోపు శిశువును వెనుకకు చూసే సీటులోనే ఉంచాలి. నాలుగేళ్లు వచ్చేవరకు లోపలే బెల్టులున్న సీటు, ఏడేళ్లు వచ్చేవరకు ఆ సీటు గానీ బూస్టర్ గానీ ఉండాలి. న్యూజీలాండ్‌లోనూ ఏడో పుట్టినరోజు వరకు చైల్డ్ సీటు తప్పనిసరి.

క్యాంపర్ వ్యాన్‌ను అద్దెకు తీసుకునేటప్పుడు మంచాలు ఎన్ని ఉన్నాయని మాత్రమే అడిగితే చాలదు. బెల్టులున్న సీట్లు ఎన్ని, వాటిలో ముందుకు చూసేవి ఎన్ని అన్నదీ తెలుసుకోవాలి. నలుగురు పడుకోగలిగే వాహనంలో నలుగురు సురక్షితంగా కూర్చొని ప్రయాణించగలిగే ఏర్పాటు ఉండకపోవచ్చు. చాలా వాహనాల్లో గోడకు ఆనించి పక్కకు చూసే సోఫాలు ఉంటాయి. చైల్డ్ సీటును అటువంటి సీటుకు బిగించకూడదు. నడుము మీదుగానే కాక భుజం మీదుగానూ వచ్చే బెల్టు ఆ సీటుకు ఉందా లేదా అన్నదీ చూడాలి.

సీటులో నిద్రపోతే ఏమవుతుంది?

ప్రయాణంలో బిడ్డ సీటులోనే నిద్రపోవడం సహజం. దానికి ఆందోళన అక్కరలేదు. ఆ నిద్ర ఎంతసేపు సాగుతోంది, ఎవరైనా గమనిస్తున్నారా అన్నవే ముఖ్యం.

పుట్టిన తొలి నెలల్లో శిశువు తల శరీరంతో పోలిస్తే బరువుగా ఉంటుంది. మెడ కండరాలకు ఇంకా బలం చిక్కదు. ఏటవాలుగా కూర్చున్న స్థితిలో నిద్రపోతే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీని తాకుతుంది. అప్పుడు సన్నని శ్వాసనాళం మడతపడినట్లై గాలి ఆడడం కష్టమవుతుంది. పెద్దవారిలా తల పైకెత్తుకొనే శక్తి ఆ బిడ్డకు ఉండదు. ఇదంతా చప్పుడు లేకుండా జరుగుతుంది.

బ్రిటన్‌లోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో 40 మంది నవజాత శిశువులపై జరిపిన అధ్యయనాన్ని వెల్లడించారు. గంటకు 30 మైళ్ల వేగంతో, అంటే సుమారు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే వాహనపు కుదుపులను పోలిన ఏర్పాటులో శిశువులను అరగంట పాటు చైల్డ్ సీటులో ఉంచారు. చదునుగా పడుకున్నప్పటితో పోలిస్తే వారి గుండె వేగం, శ్వాస వేగం పెరిగాయి. రక్తంలో ఆక్సిజన్ స్థాయి తగ్గింది. నెలలు నిండిన వారితో పాటు నెలలు నిండకుండా పుట్టిన శిశువులు కూడా ఆ అధ్యయనంలో ఉన్నారు.

మరో అధ్యయనం ఈ ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో చూపుతుంది. అమెరికాలో 2004 నుంచి 2014 వరకు నిద్రలో సంభవించిన 11,779 శిశు మరణాలను పరిశీలించగా, వాటిలో 348 కూర్చునే సాధనాల్లో జరిగినట్లు తేలింది. ఆ 348లో దాదాపు మూడింట రెండు వంతులు కారు సీట్లలో సంభవించాయి. అయితే ఆ సీట్లను నిర్దేశించిన పద్ధతిలో వాడిన సందర్భాలు పది శాతం కూడా లేవు. అంటే ప్రయాణంలో సరిగా బిగించిన సీటు బిడ్డను కాపాడేదే. దానిని మంచానికి బదులుగా వాడడమే ప్రమాదకరం.

అందువల్ల పసిబిడ్డను ఏకధాటిగా రెండు గంటలకు మించి చైల్డ్ సీటులో ఉంచవద్దని నిపుణులు సూచిస్తారు. నవజాత శిశువులతోనూ, నెలలు తక్కువగా పుట్టినవారితోనూ దూర ప్రయాణాలే మానుకోవడం మేలు. తప్పనిసరి అయితే మరింత తరచుగా ఆగాలి. బిడ్డ పక్కన ఒక పెద్దవారు కూర్చొని తల వాలకుండా గమనిస్తూ ఉండాలి. బండి ఆగగానే బిడ్డను సీటులోంచి తీసి చదునైన చోట పడుకోబెట్టాలి. నిద్ర చెడి బిడ్డ కాసేపు ఏడ్చినా సరే. బెల్టులు వదులు చేసి సీటులోనే వదిలేయడం మరింత ప్రమాదకరం. బిడ్డ కిందికి జారితే ఆ పట్టీలు మెడకు బిగుసుకోవచ్చు.

చదునుగా, గట్టిగా, ఖాళీగా

శిశువు నిద్ర గురించిన ప్రధాన సూత్రం ఇంట్లోనైనా వ్యాన్‌లోనైనా ఒక్కటే. ఏడాది నిండేవరకు బిడ్డను ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి. బ్రిటన్ 1991లో, అమెరికా 1994లో ఈ విషయమై పెద్ద ఎత్తున ప్రచారం చేపట్టాయి. అంతకుముందు బోర్లా పడుకోబెట్టడం అక్కడ సాధారణంగా ఉండేది. ఆ అలవాటు మారాక, కారణం తెలియకుండా నిద్రలో సంభవించే ఆకస్మిక శిశు మరణాలు ఆ దేశాల్లో సగానికి పైగా తగ్గాయి.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం పడక చదునుగా, గట్టిగా, వాలు లేకుండా ఉండాలి. దాని మీద బిగుతుగా పరచిన దుప్పటి తప్ప మరేమీ ఉండరాదు. తలగడలు, బొంతలు, మెత్తని బొమ్మలు, చుట్టూ పెట్టే దిండ్లు వద్దు. తల గుండ్రంగా రావాలని మన ఇళ్లలో వాడే ఆవాల దిండుకూ ఇది వర్తిస్తుంది. ఏటవాలు పది డిగ్రీలకు మించిన శిశువుల పడకల అమ్మకాన్ని, తొట్టి చుట్టూ కట్టే మెత్తలను నిషేధిస్తూ అమెరికా 2022లో చట్టం చేసింది.

వాలు లేకుండా అన్న మాటకు క్యాంపర్ వ్యాన్‌లో ప్రత్యేకమైన అర్థం ఉంది. ఇంట్లో నేల సమంగా ఉంటుంది. రోడ్డు పక్కన, కొండ వాలులో, నదీ తీరంలో నిలిపిన వాహనం ఏదో ఒక వైపు ఒరిగి ఉంటుంది. పెద్దలకు పెద్దగా తెలియని ఆ వంపు వల్ల చిన్నారి తొట్టిలో ఒక మూలకు జారిపోవచ్చు. అందుకే రాత్రి బసకు సమతలమైన చోటును ఎంచుకోవాలి. అవసరమైతే చక్రాల కింద చెక్క దిమ్మలు గానీ, ఇందుకోసమే దొరికే ర్యాంపులు గానీ పెట్టి వాహనాన్ని సమం చేయాలి. నేల మీద ఒక సీసాను పడుకోబెట్టి అది ఎటైనా దొర్లుతోందా అని చూస్తే వంపు ఉన్నదీ లేనిదీ తేలికగా తెలుస్తుంది.

పక్కలో పడుకోబెట్టుకోవచ్చా?

తల్లి పక్కలో బిడ్డ పడుకోవడం భారతీయ కుటుంబాల్లో తరతరాల అలవాటు. రాత్రిపూట పాలివ్వడానికి అది వీలుగా ఉంటుంది. అమెరికన్ అకాడమీ మాత్రం కనీసం తొలి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, అయితే వేరే పడక మీద నిద్రపోవాలని చెబుతోంది. తల్లిదండ్రులు మద్యం తాగినా, పొగ తాగే అలవాటున్నా, మత్తు కలిగించే మందులు వాడుతున్నా పక్కలో పడుకోబెట్టుకోవడం మరింత ప్రమాదకరం. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, పుట్టినప్పుడు రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్నా అంతే.

ఇంటి అలవాటును క్యాంపర్ వ్యాన్‌లోకి యథాతథంగా తీసుకురాకూడదనడానికి మరో కారణం ఉంది. నేల మీద పరచిన గట్టి పడక వేరు, సీట్లను కలిపి చేసిన పడక వేరు. సీట్ల మెత్తలు ఒకదానికొకటి ఆనే చోట సందులు ఉంటాయి. ఒక వైపు వాహనపు గోడ, మరో వైపు అల్మరా ఉంటాయి. రాత్రి పెద్దలు అటూ ఇటూ కదిలినప్పుడు మెత్తలు జరిగి సందులు పెద్దవవుతాయి. బిడ్డ ముఖం ఆ సందులో చిక్కుకుంటే బయటపడలేదు. సోఫా మీద బిడ్డతో కలిసి నిద్రపోతే ఆకస్మిక శిశు మరణ ముప్పు 50 రెట్ల వరకు పెరుగుతుందని ఈ రంగంలో పనిచేసే బ్రిటన్ సంస్థ లల్లబీ ట్రస్ట్ హెచ్చరిస్తోంది. సోఫాల నుంచే తయారయ్యే వ్యాన్ పడకల విషయంలో ఈ హెచ్చరికను గుర్తుంచుకోవాలి.

వయసును బట్టి పడక

పుట్టినప్పటి నుంచి సుమారు ఆరు నెలల వరకు: అడుగు భాగం చదునుగా, గట్టిగా ఉన్న చిన్న తొట్టి సరిపోతుంది. వాహనం ఆగాక దానిని నేల మీద గానీ, తల్లిదండ్రుల పడక పక్కన కదలకుండా గానీ ఉంచాలి. వంటగట్టు మీద, బల్ల మీద పెట్టకూడదు. బిడ్డ బోర్లాపడడం మొదలుపెట్టగానే గుడ్డతో బిగించి చుట్టడం మానేయాలి.

ఆరు నెలల నుంచి రెండేళ్ల వరకు: మడతపెట్టి తీసుకెళ్లే తొట్టిమంచం మేలైనది. ఇవి సాధారణంగా 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. వ్యాన్ పడకలన్నీ పరిచాక అంత చోటు మిగులుతుందా, తలుపు తెరుచుకోవడానికి అడ్డు లేకుండా ఉంటుందా అన్నది బయలుదేరక ముందే కొలిచి చూసుకోవాలి. తొట్టిమంచంతో వచ్చిన పరుపు మీద మరో మెత్తని పరుపు వేయకూడదు. రెండింటి మధ్య ఏర్పడే సందే ప్రమాదం. ఈ వయసు పిల్లలు లేచి నిలబడతారు. కిటికీ తెరల తాడు, ఛార్జర్ తీగలు, పొయ్యి మీటలు వారి చేతికి అందకుండా తొట్టిని ఉంచాలి.

రెండు నుంచి ఐదేళ్ల వరకు: కింది పడకే తగినది. గోడ వైపు సందు లేకుండా, తెరచి ఉన్న వైపు వల లేదా కటకటా ఉండేలా చూడాలి. కొన్ని చిన్న వ్యాన్లలో డ్రైవరు సీట్ల మీదుగా రెండు కర్రల మధ్య గుడ్డను బిగించి పిల్లల పడక కడతారు. జర్మనీకి చెందిన వెస్ట్‌ఫాలియా సంస్థ తయారుచేసిన పాత ఫోక్స్‌వ్యాగన్ క్యాంపర్లలోనూ ఇటువంటి పడక ఉండేది. అది ఎంత బరువును మోయగలదో చూసుకొని, కాస్త ఎదిగిన పిల్లలకే వాడాలి. గుడ్డ కుంగి గుంటలా మారుతుంది కనుక శిశువులకు అది తగదు.

ఆరేళ్లు దాటాక: పై అంతస్తు పడకలు, పైకి లేచే కప్పులోని పడకలు ఈ వయసు నుంచే వాడాలి. అమెరికా నిబంధనల ప్రకారం పై పడకకు ఉండే అడ్డుపట్టీ పరుపు కంటే కనీసం ఐదు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. పిల్లల శరీరం దూరి తల ఇరుక్కుపోయేంత సందు, అంటే మూడున్నర అంగుళాల సందు, దానిలో ఉండరాదు. అర్ధరాత్రి నిద్రమత్తులో దిగే పిల్లల కోసం నిచ్చెన దగ్గర చిన్న దీపం వెలుగుతూ ఉండాలి.

చీర ఉయ్యాల, రైలు పడక

రైల్లో రెండు బెర్తుల మధ్య చీరను ఉయ్యాలగా కట్టి బిడ్డను ఊపుతున్న తల్లులు చాలామందికి కనిపించే ఉంటారు. పొలాల్లో చెట్టు కొమ్మకు, కూలి పనుల దగ్గర కర్రలకు కట్టిన ఉయ్యాలలు మన జీవనంలో భాగం. తల్లి కళ్ల ముందు కాసేపు ఊగడానికి అది బిడ్డకు హాయినిస్తుంది. రాత్రంతా ఎవరూ చూడకుండా ఉంచడానికి మాత్రం ఉయ్యాల అనువైనది కాదు. గుడ్డ కుంగి బిడ్డ వీపు వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది. కాస్త పెద్ద పిల్లలు అందులో ఆడుతూ మెలిపడితే గుడ్డ మెడకు చుట్టుకొనే ముప్పు ఉంది. బరువును మోయడానికి ఉద్దేశించని వ్యాన్ కొక్కేలకు ఉయ్యాల కట్టడం మరీ ప్రమాదకరం.

తల్లీబిడ్డల ఇబ్బందిని గుర్తించిన ఉత్తర రైల్వే 2022 మే నెలలో లక్నో మెయిల్‌లో ప్రయోగాత్మకంగా శిశువుల బెర్తును ప్రవేశపెట్టింది. కింది బెర్తుకు పక్కగా అమర్చి, అవసరం లేనప్పుడు మడిచే ఆ పడకకు బిడ్డ జారకుండా పట్టీలు ఉన్నాయి. విమానాల్లో ముందు గోడకు తగిలించే తొట్టి కూడా ఇటువంటిదే. అయితే విమానం ఎగిరేటప్పుడు, దిగేటప్పుడు, కుదుపులు వచ్చినప్పుడు సిబ్బంది బిడ్డను తొట్టిలోంచి తీయమంటారు.

పట్టాల మీద నడిచే రైలు సాధారణంగా నెమ్మదిగానే వేగం తగ్గించుకుంటుంది. రోడ్డు మీది వ్యాన్‌కు ఏ మలుపులో ఏది ఎదురవుతుందో తెలియదు. అందుకే రైల్లో చెల్లినది వ్యాన్‌లో చెల్లదు. విమానంలో కుదుపుల వేళ పాటించే నియమాన్ని, వ్యాన్ కదులుతున్నంతసేపూ పాటించాలి.

గాలి, వేడి, పొగ

వ్యాన్ చిన్న గది వంటిది. అందులోని గాలి, ఉష్ణోగ్రత త్వరగా మారిపోతాయి. 2005లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం బయట 22 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడు కూడా ఎండలో నిలిపిన కారు లోపల గంటలో 47 డిగ్రీల వరకు వేడెక్కగలదు. ఆ పెరుగుదలలో 80 శాతం తొలి అరగంటలోనే జరుగుతుంది. కిటికీ కొద్దిగా దించి ఉంచినా పెద్ద తేడా ఉండదు. పిల్లల శరీరం పెద్దల కంటే మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా వేడెక్కుతుంది. కనుక పగటి నిద్రలో ఉన్న బిడ్డను నిలిపిన వాహనంలో కొద్ది నిమిషాలైనా ఒంటరిగా వదలకూడదు.

చలి ప్రదేశాల్లో దీనికి విరుద్ధమైన పొరపాటు జరుగుతుంది. జలుబు చేస్తుందన్న భయంతో టోపీ, స్వెటరు, రెండు మూడు దుప్పట్లతో బిడ్డను కప్పేస్తారు. అధిక వేడి కూడా ఆకస్మిక శిశు మరణానికి దోహదం చేసే అంశాల్లో ఒకటి. పడక గదిలో 16 నుంచి 20 డిగ్రీలు తగిన ఉష్ణోగ్రత అని బ్రిటన్‌లో సూచిస్తారు. మన వాతావరణంలో అది అన్నిచోట్లా సాధ్యం కాదు. బిడ్డ ఛాతీ లేదా మెడ వెనుక భాగాన్ని తాకి చూడడం తేలికైన పద్ధతి. చెమట పట్టినా, వేడిగా తగిలినా ఒక పొర బట్ట తీసివేయాలి. చేతులు, పాదాలు చల్లగా ఉండడం సహజమే. నిద్రలో తలకు టోపీ అక్కరలేదు. ముఖం మీదికి జారే దుప్పటి కంటే బిడ్డకు తొడిగే సంచి వంటి నిద్ర దుస్తులు మేలు.

అన్నింటికంటే కనిపించని ముప్పు కార్బన్ మోనాక్సైడ్. ఈ వాయువుకు రంగు, వాసన లేవు. 2024 డిసెంబరులో కేరళలోని కోజికోడ్ జిల్లా వడకరలో రోడ్డు పక్కన నిలిపిన కేరవాన్‌లో ఇద్దరు వ్యక్తులు మరణించి కనిపించారు. ఏసీ కోసం నడిపిన జనరేటరు నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాహనంలోకి చేరడమే అందుకు కారణమని కాలికట్ ఎన్‌ఐటీ నిపుణుల పరిశీలనలో తేలింది.

పెద్దలకే అంత ప్రాణాంతకమైన వాయువు, వేగంగా శ్వాసించే పసిపిల్లలపై ఇంకా త్వరగా ప్రభావం చూపుతుంది. తలనొప్పి, వాంతులు, మగత దాని లక్షణాలు. మగతలోకి జారుకున్న బిడ్డ, చూసేవారికి హాయిగా నిద్రపోతున్నట్లే కనిపిస్తుంది. అందువల్ల నిద్ర వేళల్లో ఇంజను గానీ జనరేటరు గానీ నడపకూడదు. బొగ్గుల కుంపటిని, ఆరిపోయిందనుకున్నా సరే, లోపల ఉంచకూడదు. గ్యాస్ పొయ్యిని గది వెచ్చబడేందుకు వాడకూడదు. చలి వేస్తోందని గాలి రంధ్రాలను గుడ్డలతో మూయకూడదు. ఆ వాయువును పసిగట్టి మోగే అలారం వాహనంలో ఉందో లేదో, పనిచేస్తోందో లేదో ముందే పరీక్షించాలి.

దోమల కోసం మూసిన వాహనంలో కాయిల్ వెలిగించడమూ మంచిది కాదు. ఒక కాయిల్ కాలితే వెలువడే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల పొగలోని ధూళితో సమానమని 2003 నాటి ఒక అధ్యయనం తేల్చింది. కిటికీలకు జాలీలు, తొట్టి మీద బిగుతుగా అమర్చిన దోమతెర ఉంటే సరిపోతుంది. దోమతెర బిడ్డ ముఖం మీదికి వాలకుండా చూడాలి.

కొండల మీద రాత్రి బస

లద్దాఖ్ వంటి చోట్లకు పసిబిడ్డతో వెళ్లేవారు రాత్రి ఏ ఎత్తులో ఆగుతున్నారో ముందే లెక్క చూసుకోవాలి. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తులో, పాంగాంగ్ సరస్సు 4,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్నాయి. 2,500 మీటర్లు దాటితే ఎత్తు వల్ల కలిగే అస్వస్థత ఎవరికైనా రావచ్చు. పెద్దలైతే తలనొప్పి అని చెప్పగలరు, పసిబిడ్డ చెప్పలేదు. పాలు తాగకపోవడం, వాంతులు, ఆగని ఏడుపు, నిద్ర పట్టకపోవడం రూపంలో అది బయటపడుతుంది. దానిని ప్రయాణ బడలికగా భావించి ఇంకా పైకి వెళ్లడం ప్రమాదకరం. వెంటనే కిందికి దిగడమే తొలి చికిత్స.

3,000 మీటర్లు దాటాక రాత్రి నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్య నిపుణులు చెబుతారు. వ్యాన్ ఒక్క రోజులోనే అంతకు ఎన్నో రెట్లు ఎక్కగలదు. కానీ బిడ్డ శరీరం ఆ వేగానికి అలవాటు పడలేదు. శిశువులతో ఇటువంటి యాత్రకు ముందు పిల్లల వైద్యుడిని సంప్రదించడం అవసరం.

కొత్త చోట నిద్ర పట్టాలంటే

భద్రత కుదిరాక మిగిలేది అలవాటు. పసిపిల్లలు చోటు మారితే నిద్రకు పేచీ పెడతారు. బయలుదేరే ముందు ఇంట్లోనే రెండు మూడు రాత్రులు ప్రయాణపు తొట్టిమంచంలో పడుకోబెడితే ఆ పడక వారికి పరిచయమవుతుంది. ఇంట్లో వాడిన దుప్పటినే పరుపు మీద పరిస్తే తెలిసిన వాసన ఉంటుంది. స్నానం, పాలు, జోలపాట వంటి క్రమం ఏదైతే ఉందో, దానిని వ్యాన్‌లోనూ అదే వేళకు కొనసాగించాలి. కిటికీలకు మందపాటి తెరలు ఉంటే తెల్లవారుజామునే వెలుగు పడి మెలకువ రాదు.

ప్రయాణ ప్రణాళిక కూడా బిడ్డ నిద్రను బట్టే సాగాలి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు అన్న లెక్క కంటే, ఎన్నిసార్లు ఆగగలం అన్న లెక్క ముఖ్యం. చీకటి పడకముందే బసకు చేరుకుంటే నేల సమంగా ఉందో లేదో చూడడానికి, పడకలు నిదానంగా అమర్చడానికి వ్యవధి ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక అలసటతో చేరినప్పుడే బిడ్డను సీటులోనే వదిలేద్దామన్న ఆలోచన వస్తుంది.

చెరువు గట్టున ఆగిన వ్యాన్‌లోని తల్లిదండ్రుల ప్రశ్నకు సమాధానం కూడా అక్కడే ఉంది. బెల్టులు విప్పి, బిడ్డను సీటులోంచి ఎత్తి, అప్పటికే పరచి ఉంచిన తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టాలి. బిడ్డ ఉలిక్కిపడి లేవవచ్చు, కాసేపు ఏడవవచ్చు. ఎత్తుకొని జోకొడితే కొద్దిసేపట్లో మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. మర్నాడు బండి కదిలే ముందు తొట్టిని మడిచి భద్రపరచి, బిడ్డను తిరిగి సీటులో కూర్చోబెట్టి బెల్టులు బిగించాలి.